రాయవేలూరు కోట: పిల్లల చేతుల్లో ఒక యుద్ధ చరిత్ర

తెలుగువారి నోట వేలూరు పేరు రాయవేలూరు. ఆ ‘రాయ’ శబ్దం విజయనగర రాయలది. పెనుగొండనుండి చంద్రగిరికి, చంద్రగిరినుండి వేలూరికి కొలువును తరలించుకొనివచ్చిన ఆరవీటి వేంకటపతి దేవరాయలు 1614లో ఇక్కడనే కన్నుమూశాడు. 16వ శతాబ్దిలో నాయకరాజులు కట్టించిన గ్రానైటు కోట, దాని చుట్టూ అగడ్త, లోపల జలకంఠేశ్వరాలయం, సుమారు 133 ఎకరాల ఆవరణ నేటికీ నిలిచి ఉన్నాయి. వేలూరులో చదివిన పిల్లవాడు ఆ అగడ్త గట్టున వేరుశనగలు తినకుండా పెద్దవాడు కాడు. గుడియాత్తం పిల్లలకు అది ముప్పైయైదు కిలోమీటర్ల విహారయాత్ర. ఇంత దగ్గరలో ఉన్నదానిని గురించి ఎక్కువమంది విద్యార్థులు పరీక్షలో వ్రాసే వాక్యం మాత్రం ఒక్కటే: క్రొత్త తలపాగా ధరించవలెనన్న ఆజ్ఞకు కోపించి 1806 జూలై 10న వేలూరు సిపాయిలు తిరుగుబాటు చేశారు.

వాక్యంలో తప్పేమీ లేదు. కాని ఒక తలపాగా కోసం మనుషులు చావడానికీ చంపడానికీ ఎందుకు సిద్ధపడ్డారన్న ప్రశ్న ఆ వాక్యం చదివిన పిల్లవానికి పుట్టదు. ఆ ప్రశ్న పుట్టించడానికి పుస్తకంకంటె ఒక గుడ్డముక్క, కొంచెం బంకమట్టి, కొన్ని ఖాళీ అగ్గిపెట్టెలు ఎక్కువ ఉపకరిస్తాయి.

యుద్ధాన్ని పుస్తకం లేకుండా నేర్పడం తెలుగువారికి క్రొత్త కాదు. పల్నాటి యుద్ధం బడిలో పాఠం కావడానికి శతాబ్దాల ముందే కారెంపూడి వీరుల గుడిలో ఏటేటా ఆయుధాలకు పూజ జరిగేది. వీరవిద్యావంతులు కథ పాడేవారు. బొంగరమాడుకొంటున్న బాలచంద్రుడు యుద్ధానికి బయలుదేరిన ఘట్టం విన్న పిల్లవాడు మర్నాడు తానూ బొంగరం తీసేవాడు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని తాండ్ర పాపారాయని పేరుతో ఊరూరా తిప్పినది పాఠ్యపుస్తకం కాదు, కథాగానం. తోలుబొమ్మలవారి తెరమీద రామరావణ యుద్ధం చూసిన పిల్లలు అట్టముక్కలు కత్తిరించి, ఇంట్లో దీపం వెనుక పెట్టి, చెల్లెళ్లకు ఆట చూపించేవారు. వినడం, చూడడం, తిరిగి చేయడం అన్న మూడూ ఒకే చదువుగా ఉండేవి.

బడిలో చేతిపనికి వేరొక చరిత్ర ఉన్నది. 1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభలో గాంధీజీ ప్రతిపాదన ఆధారంగా బేసిక్ విద్య రూపొందింది. నూలు వడకడం, వడ్రంగం, వ్యవసాయం వంటి ఏదో ఒక వృత్తిని కేంద్రంగా చేసికొని లెక్కలు, చరిత్ర, భూగోళం దానికి ముడివేసి చెప్పాలన్నది దాని సూత్రం. 1939నుండి 1946వరకు భారతదేశంలో ఉన్న మరియా మాంటిసోరి మదరాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ చేతుల ద్వారానే బుద్ధి ఎదుగుతుందని చెప్పింది. అయితే 1953లో మదరాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ప్రవేశపెట్టిన సవరణ విద్యాపథకం ఒక పూట బడి, మరొక పూట ఇంటి వృత్తి అన్నప్పుడు ప్రజలు ఒప్పుకోలేదు. కుమ్మరి బిడ్డ కుమ్మరిగా, చాకలి బిడ్డ చాకలిగా మిగలడానికా చదువు అని అడిగారు. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజు ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దు చేసింది. ఆ ఏడాదే కామరాజు శాసనసభకు ఎన్నికైనది గుడియాత్తంనుండి.

గుడియాత్తంవారికి ఈ సంగతి ఊరి గొప్పగా చెప్పుకోవడానికి మాత్రమే కాదు. మగ్గం, బీడీ, అగ్గిపెట్టె ఈ ప్రాంతపు జీవనాధారాలు. చిన్న వ్రేళ్లకు వేగం ఎక్కువని ఇటువంటి పనులలో పిల్లలను కూర్చోబెట్టిన కాలం దేశంలో ఎంతో దూరాన లేదు. 1986 బాలకార్మిక నిషేధ చట్టం పిల్లలు చేయరాని పనుల పట్టికలో బీడీలు చుట్టడాన్నీ అగ్గిపుల్లల తయారీనీ చేర్చవలసి వచ్చింది. కనుక ఇక్కడ బడిలో చేతిపని అన్నప్పుడు తల్లిదండ్రులు కొంచెం అనుమానంగా చూస్తే ఆ అనుమానం న్యాయమైనదే. చేతితో కూలి చేయడం వేరు, చేతితో తెలుసుకోవడం వేరు. అగ్గిపెట్టెలు కూలికి నింపిన తాత మనుమడు అవే ఖాళీ పెట్టెలతో కోటగోడ కట్టి, ఇందులోకి శత్రువు ఎటునుండి రాగలడు అని అడిగితే, అది రెండవ రకం.

కోట కట్టడంతోనే మొదలు పెట్టవచ్చు. అగ్గిపెట్టెలు ప్రాకారానికి, చెరువు బంకమట్టి బురుజులకు, చుట్టూ పళ్లెంలో నీళ్లు అగడ్తకు. అగడ్తలో మొసళ్లు ఉండేవన్న వాడుక ఉన్నది గనుక మట్టి మొసళ్లు చేయని తరగతి ఉండదు, చేయనివ్వాలి. నమూనా పూర్తయ్యేసరికి పిల్లలకు ఒక సంగతి తెలియకుండానే తెలుస్తుంది. రాతికోటకు గోడలవల్ల బలం, ద్వారంవల్ల బలహీనత. లోపలివారు ద్వారాన్ని కాచుకొన్నంతసేపే కోట వారిది. 1806 జూలైలో లోపల ఎవరున్నారో చిన్న చిన్న గింజలతో పెట్టి చూపించాలి: మదరాసు దేశీయ పదాతి దళాల సిపాయిలు సుమారు 1500 మంది, తెల్లసైనికులు 69వ రెజిమెంటునుండి నాలుగు కంపెనీలు, మొత్తం నాలుగు వందలకు లోపు. వీరితోపాటు 1799లో శ్రీరంగపట్టణం పడిపోయిన తరువాత ఇక్కడికి తెచ్చి ఉంచిన టిప్పు సుల్తాను కుమారులు, కుటుంబం, పరివారం. కందిపప్పు ఒక రంగు, పెసలు ఒక రంగు. గింజలు పరచిన వెంటనే, ఇంత తక్కువమంది అంత ఎక్కువమందిని ఎట్లా ఏలారు అని ఏదో ఒక మూలనుండి అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు గంట సమయం ఇచ్చినా దండుగ కాదు.

ఆ సిపాయిలలో తెలుగువారూ ఉన్నారు. మదరాసు సైన్యానికి తమిళ, తెలుగు సీమలు రెండూ మనుషులనిచ్చాయి. మదరాసునుండి బంగాళానికి వెళ్లిన తొలి సిపాయిలను చూసి ఉత్తరదేశంలో కుంపిణీ సిపాయికే ‘తిలంగా’ అని పేరు పెట్టారు. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లవాడు ఈ యుద్ధం వేరెవరిదో అనుకోనక్కరలేదు.

ఇక తలపాగా. పాఠమంతటికీ గుండెకాయ ఇదే గనుక ఇక్కడ తొందరపడరాదు. గుడియాత్తం లుంగీ మగ్గాలవద్ద మిగిలే ముక్కలుగాని, ఇంట్లో పాత పంచెగాని తెచ్చి ప్రతి విద్యార్థీ తలపాగా చుట్టుకోవాలి. చుట్టడం ఈ కాలపు పిల్లలకు రాదు. తాతలను పిలవాలి. ఒక తాత చుట్టే తీరు మరొక తాతకు నచ్చదు. కొంగు ఎడమకా కుడికా అన్నదానిపై వారిలో వారికే వాదం వస్తుంది. ఆ వాదమే పాఠం. తలకు చుట్టిన గుడ్డ ఊరు, కులం, మతం, వృత్తి, వయస్సు అన్నీ చెప్పే కాలమది. నుదుటి బొట్టు, చెవిపోగు, గడ్డం కూడా అటువంటివే.

తరువాత రెండవ తలపాగా చేయాలి. 1805 నవంబరులో మదరాసు సేనాధిపతి సర్ జాన్ క్రాడక్ ఆమోదించిన క్రొత్త నమూనా గుడ్డచుట్టకంటె టోపీకి దగ్గరగా ఉండేది. దానికి తోలు తురాయి. అట్టతో గుండ్రని ఆకారం చేసి, పాత చెప్పునుండి కోసిన తోలుముక్కను దానికి కుట్టమంటే చాలు. చెప్పు తోలు తలమీద పెట్టుకోవడానికి ఎంతమంది చేతులు ముందుకు వస్తాయో, ఎంతమంది ముఖం చిట్లిస్తారో ఉపాధ్యాయుడు గమనించి ఊరుకుంటే సరిపోతుంది, వ్యాఖ్యానం అక్కరలేదు. ఆ తోలు ఆవుదని హిందువులకు, పందిదని ముస్లిములకు అనుమానం. కవాతులో బొట్టు, చెవిపోగులు ఉండరాదని, గడ్డం గొరగాలని, మీసం ఒకే కొలతలో కత్తిరించుకోవాలని 1806లో మరొక ఉత్తరువు. దక్షిణదేశంలో టోపీవారంటే తెల్లవారు. టోపీ పెడితే తరువాత మతం మార్చడమే అని సిపాయిలు భయపడ్డారు. ఇంటివారు, కులంవారు వెలివేస్తారని భయపడ్డారు. టిప్పు కుమారుల పరివారంలో కొందరు ఆ భయాన్ని ఎగదోసినమాట నిజం. కాని లేని నిప్పును ఎవరూ ఊదలేరు.

అదే ఏడాది మే నెలలో వేలూరులోనే 4వ రెజిమెంటు రెండవ పటాలంవారు తలపాగాను నిరాకరించారు. 21 మందిని మదరాసుకు పంపి విచారించారు. ఇద్దరికి 900 చొప్పున కొరడా దెబ్బలు. తక్కిన 19 మందికి 500 చొప్పున విధించి, క్షమాపణ చెప్పుకొన్నందున మాఫీ చేశారు. తొమ్మిది వందలు అంటే ఎంత? పలకమీద గీతలు గీయమనాలి, ఐదు గీతలకొక అడ్డగీత. వంద దాటేసరికి తరగతి నిశ్శబ్దమవుతుంది. పూర్తిగా గీయించవలసిన అవసరం లేదు.

జూన్ 17న ముస్తఫా బేగ్ అనే సిపాయి కుట్ర సంగతి పై అధికారికి చెప్పాడు. దేశీయ అధికారుల సంఘమొకటి విచారించి అబద్ధమన్నది, అతనినే బంధించారు. తిరుగుబాటు తరువాత అతనికి 2000 వరహాల బహుమతి, సుబేదారు పింఛను లభించాయి. ముస్తఫా బేగ్ ద్రోహియా, నిజం చెప్పినవాడా అన్న చర్చ ఎనిమిదవ తరగతిలో పెడితే గంట కొట్టినా ముగియదు. ఉపాధ్యాయుడు తీర్పు చెప్పకుండా ఉండగలిగితే మంచిది.

జూలై 10 తెల్లవారుజామున రెండు మూడు గంటల మధ్య సిపాయిలు లేచారు. ఉదయం కవాతు ఉన్నందువల్ల ఆ రాత్రి చాలమంది కోటలోనే నిద్రించారు. ముందురోజు టిప్పు కుమార్తె వివాహ సంబరం. కోటాధిపతి కర్నల్ ఫాంకోర్టు, మరికొందరు అధికారులు, 69వ రెజిమెంటు సైనికులలో వందకు పైగా హతులైనారు. వారిలో ఆసుపత్రి మంచాలమీద ఉన్న రోగులున్నారు. ధ్వజస్తంభంమీద మైసూరు పులిచారల జెండా ఎగిరింది. అంతవరకు ఏకమై ఉన్నవారు ఆ తరువాత చెదిరిపోయారు. కొందరు ఖజానా దోపిడిలో పడ్డారు, ద్వారం గట్టిగా కాచుకోవలసిన సమయం జారిపోయింది. వార్త సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఆర్కాటుకు చేరగానే కర్నల్ గిల్లెస్పీ 19వ అశ్వదళంతో బయలుదేరాడు. అతడు వచ్చేసరికి ద్వారంపైన బురుజులో కొద్దిమంది తెల్లసైనికులు మందుగుండు అయిపోయి నిలిచి ఉన్నారు. గిల్లెస్పీ త్రాడుతో పైకి ప్రాకాడు. వెనుకనుండి వచ్చిన ఫిరంగులు ద్వారాన్ని పగులగొట్టాయి. పిల్లల అగ్గిపెట్టెల కోటలో ద్వారం ఎక్కడ ఉన్నదో అక్కడనే ఈ కథ మలుపు తిరుగుతుంది. తామే కట్టినందున ఆ సంగతిని ఎవరూ వారికి విప్పి చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నది. వార్షికోత్సవాలలో ఇటువంటి యుద్ధాలను అట్టకత్తులతో, టపాకాయల తుపాకులతో నాటకంగా వేయడం రివాజు. చూడడానికి బాగుంటుంది, తల్లిదండ్రులు ఫోటోలు తీసుకుంటారు. కాని కత్తి పట్టిన పిల్లవానికి కత్తి మాత్రమే గుర్తుంటుంది. చచ్చినట్లు పడిపోయినవాడు చప్పట్లకు లేచి నిలబడతాడు. 1806లో ఎవరూ లేవలేదు. గిల్లెస్పీ బలగం కోటలో ప్రవేశించిన తరువాత హతులైన సిపాయిలు సుమారు 350 మంది అని ఒక లెక్క, ఎనిమిది వందలు దాటిందని మరొక లెక్క. మహలులో తలదాచుకొన్న వందమందిదాకా సిపాయిలను బయటికి తెచ్చి గోడకు నిలబెట్టి కాల్చివేశారు. విచారణ తరువాత ఫిరంగి మూతికి కట్టి పేల్చినవారు, కాల్చబడినవారు, ఉరితీయబడినవారు, ద్వీపాంతరం పంపబడినవారు వేరు. దీనిని రంగస్థలంమీద చూపలేము, చూపనూ కూడదు. కాని గింజలతో చూపవచ్చు. ఉదయం పరచిన కందిపప్పునూ పెసలనూ మధ్యాహ్నానికి ఎన్ని తీసివేయాలో పిల్లలే లెక్కపెట్టి, తీసినవాటిని ఒకే గిన్నెలో వేయాలి. రెండు రంగులూ ఒకే గిన్నెలో.

రణరంగానికి బదులు బుర్రకథ అయితే ఈ చరిత్రకు అచ్చంగా సరిపోతుంది. కథకుడు తంబురా మీటుతూ కథ నడిపిస్తాడు. కుడివంత రాజకీయం చెబుతాడు, ఎడమవంత హాస్యం. ప్రజానాట్యమండలి కాలంలో షేక్ నాజర్ ఈ కళను ఊరూరికీ తీసుకొనిపోయాడు. కథ మధ్యలో ఆపి ప్రశ్నించే హక్కు వంతలకున్నది. సిపాయిలు వీరులని కథకుడు అంటే, ఆసుపత్రిలోని రోగులమాట ఏమిటని ఒక వంత అడుగుతాడు. తెల్లదొరలు శాంతి నెలకొల్పారంటే, గోడకు నిలబెట్టినవారిని మరిచావా అని మరొక వంత అందుకొంటాడు. పాట పిల్లలే కట్టుకోవాలి. ఛందస్సు కొంచెం కుంటినా ఫరవాలేదు. తెలుగు ఇంట్లో మాట్లాడి బయట తమిళంలో బ్రతికే పిల్లలకు, తమ భాషలో ఒక కథను తామే కట్టి పదిమంది ముందు నిలబడి చెప్పే అవకాశం ఇంతకంటె మంచిది దొరకదు. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టంతో బడిలో తెలుగుకు దొరికే గంటలు పలుచబడినందువల్ల ఈ మాట ఇప్పుడు మరింత బరువైనది. కథలో అవసరమైనచోట తమిళపు మాటలు రావడానికీ అభ్యంతరం ఉండరాదు. ఆ కోటలో ఆ రాత్రి ఎన్ని భాషలు వినిపించాయో.

ఉత్తరాలు వ్రాయించడం మరొక పద్ధతి. ఫాంకోర్టు భార్య అమీలియా ఆ రాత్రి తన ఇద్దరు బిడ్డలతో దాక్కొని బ్రతికింది; తన అనుభవాన్ని వ్రాసిపెట్టింది. సిపాయిల భార్యలవి అటువంటి వ్రాతలు అచ్చులో కనిపించవు. ఆ రెండవ ఉత్తరాన్ని పిల్లలు ఊహించి వ్రాయాలి. అది ఊహ అని కాగితం పైభాగాన వ్రాసి మరీ మొదలు పెట్టాలి. ఉన్న సాక్ష్యమేది, కల్పించినదేది అన్న తేడా పదమూడేళ్లకు తెలిస్తే ముప్పైయేళ్లకు పత్రిక చదవడం వస్తుంది.

చిన్న తరగతులకు 1806 భారమైతే అదే కోటలో ఇంకొక యుద్ధం ఉన్నది, అది పూర్తిగా తెలుగు నాయకుల మధ్య జరిగినది. వేంకటపతి రాయల మరణానంతరం జగ్గరాయుడు, రాయలు ఎంపిక చేసిన వారసుడు శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చెరపెట్టాడు. వెలుగోటి యాచమ నాయకుడు, చాకలివాని సహాయంతో, పన్నెండేళ్ల రాకుమారుడు రాముణ్ణి మాసిన బట్టల మూటలో పెట్టి బయటికి తెప్పించాడు. తక్కిన కుటుంబం హతమైనది. తరువాత తోపూరు యుద్ధంలో జగ్గరాయుడు కూలిపోగా ఆ బాలుడే రామదేవరాయలుగా రాజ్యమేలాడు. ఈ కథను మానుయేల్ బారాదాస్ అనే పోర్చుగీసు మతాచార్యుడు 1616లో లేఖగా వ్రాసి పంపాడు. పన్నెండేళ్ల పిల్లవాడు పట్టేంత మూట ఎంత ఉంటుందో దుప్పట్లు తెచ్చి కట్టి చూడమంటే ఏ తరగతి కాదంటుంది? మూట మోసినవాని పేరు ఏమిటని మాత్రం తప్పక అడుగుతారు. పేరు లేదు, చాకలి అని మాత్రమే ఉన్నది. గుడియాత్తం పిల్లలకు ఇంకొంచెం దగ్గరలో ఆంబూరు ఉన్నది. 1749 ఆగస్టు 3న ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ ఖాన్ చందాసాహెబు, ఫ్రెంచి సైన్యాల చేతిలో అక్కడ పడిపోయాడు. పటం గీయడానికి అది మంచి పాఠం.

1806 తరువాత సంగతులు త్వరగానే ముగుస్తాయి. తలపాగా ఉత్తరువు రద్దయింది. గవర్నరు విలియం బెంటింక్, సేనాధిపతి క్రాడక్ ఇద్దరినీ 1807లో వెనుకకు పిలిపించారు. టిప్పు కుటుంబాన్ని కలకత్తాకు తరలించారు. తిరుగుబాటు చేసిన పటాలాల పేర్లనే సైన్యపు పట్టికనుండి కొట్టివేశారు. 1857కు యాభై ఒక్క సంవత్సరాల ముందు జరిగిన ఈ ఘటనకు రెండు వందల ఏళ్లు నిండిన 2006లో తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది. తపాలా బిళ్లను పిల్లలు స్వయంగా గీయవచ్చు. అందులో ఎవరి బొమ్మ ఉండాలన్నదానిపై తగవు వస్తే గీయడం రెండవరోజుకు వాయిదా వేయాలి.

నమూనాలు ఆరి, ఉత్తరాలు గోడకు అంటించిన తరువాత కోటకు వెళ్లాలి, ముందు కాదు. ముందు వెళితే అది విహారయాత్ర. తరువాత వెళితే పిల్లలు ద్వారం దగ్గర తమంతట తామే ఆగిపోతారు, త్రాడు ఎక్కడనుండి దిగి ఉంటుందో తల ఎత్తి చూస్తారు. కోట ఎదుట సిపాయిల స్మారక స్తంభం ఉన్నది. అక్కడికి దగ్గరలోనే పాత యూరోపియన్ శ్మశానవాటిక, ఆ రాత్రి హతులైన తెల్లసైనికులది. పెద్ద తరగతులవారు రెండు చోట్లా నిలబడి, ఎక్కడ ఎన్ని పేర్లు చెక్కి ఉన్నాయో నోటుపుస్తకంలో వ్రాసుకొని రావచ్చు.